పరాయి ఊపిరి

పళ్ళాయన సాయంత్రం దుకాణం కట్టేసి ఇంటికొచ్చాక చేసే పనులు ఏనాడూ మారవు. చేతులకంటిన తెల్లపొడి సబ్బుతో కడుక్కుంటాడు. భార్య ఇచ్చిన టీ నిలబడే తాగుతాడు. తర్వాత ముందుగదిలో లావుపాటి పాత టీవీ ముందు చాప పరుచుకుని, మఠం వేసుకుని కూర్చుని, అల్మారా తాళం తీసి ఒక క్యాసెట్ ఎంచుకుంటాడు.

అందరికీ కట్టుడు పళ్ళు చేసిచ్చే మనిషి కాబట్టి పళ్ళాయన అన్నారు. పాత వీడియో గేములు పోగుచేసే పిచ్చికి మాత్రం ఎవరూ పేరు పెట్టలేదు. ఎవరింట్లోనో అటకెక్కిన ఆట పెట్టె అంటే చాలు, అన్నం ముందునుంచి లేచిపోయేవాడు.

క్యాసెట్ పెట్టెలో దూర్చేముందు దాని మూతిలో ఊదాలి. ఊదకపోతే తెరంతా చీమలు పాకుతాయి. ఊదినప్పుడు, అంతకుముందు ఊదిన మనిషి ఊపిరి బయటికొచ్చి ముఖానికి తగులుతుంది. ఇది అందరికీ తెలిసిందే. సంతలో పాత క్యాసెట్లు అమ్మేవాళ్ళు కూడా, "తీసుకోండి సార్, ఒక్కడి ఊపిరే ఉంది" అని చెప్పి అమ్ముతారు. సిగరెట్టు ఊపిరి ఉన్నవాటిని విడిగా గుడ్డకింద పెడతారు.

ఆ రోజు పళ్ళాయన గంట ఆట తీశాడు. మునిగిపోయిన కోటలోకి ఒక ఈతగాడు గది తర్వాత గది దిగుతూ పోయి, అట్టడుగున ఉన్న గంట కొట్టే ఆట అది. మూతిలో ఊదాడు. నిన్న తనే ఊదాడు కాబట్టి తన ఊపిరే రావాలి, టీ వాసనతో రావాలి. వచ్చింది వేరే. బాగా మగ్గి కుళ్ళబోతున్న పండు వాసన. పైగా ముందుపన్ను లేని నోట్లోంచి వచ్చినట్టు రెండు పాయలుగా చీలి, నడుమ సన్నగా ఈల వేసింది. అంత బరువైన ఊపిరి మగవాడిదే అయుండాలి. నోళ్ళను నమ్ముకుని బతికే మనిషికి ఆ మాత్రం తెలుస్తుంది.

వంటింట్లోకి చూశాడు. భార్య గిన్నెలు కడుగుతోంది. ఆమెకు బేకరీలో పొద్దుటి షిఫ్టు. మధ్యాహ్నానికి ఇల్లు చేరితే సాయంత్రం దాకా ఒక్కతే ఉంటుంది. ఒక్కతే ఉంటుందని ఇంతవరకూ అనుకున్నాడు.

"ఇవాళ ఎవరైనా వచ్చారా?"

"ఎవరొస్తారు? కరెంటు బిల్లు మనిషి కూడా రాలేదు."

"అల్మారా తాళం ఎక్కడుంది?"

"మీ జేబులో ఒకటి, నా పెట్టెలో ఒకటి. ఎందుకు?"

"ఊరికే."

"మీరు ఊరికే అడగడం నేనెప్పుడూ చూడలేదు" అంది, వెనక్కి తిరక్కుండానే.

ఆ తిరక్కపోవడం పళ్ళాయనకు నచ్చలేదు. ఆ ఊపిరి ఎవడిదో తేలిననాడే ఈ కాపురానికో దణ్ణం పెట్టి, బట్టలు సర్దుకుని చెల్లెలింటికి పోవాలనుకున్నాడు.

మర్నాడు దుకాణంలో పని పక్కనపెట్టి, గోడ పొడుగునా వరసగా ఉన్న పళ్ళ అచ్చులన్నీ దించాడు. చుట్టుపక్కల వీధుల నోళ్ళన్నీ ఆ తెల్ల అచ్చుల్లో ఉన్నాయి. ముందుపన్ను పోయిన ప్రతివాడికీ తనే పన్ను కట్టాడు. సందున్న నోరు ఒక్కటీ మిగల్లేదు. ఇక మిగిలింది పండు వాసన. నేరుగా పండ్లబండి దగ్గరికి నడిచాడు.

"నోరు తెరువు."

"మొన్ననేగా సారూ కట్టించుకున్నాను" అన్నాడు పండ్లవాడు.

"బిగువు చూడాలి. తెరువు."

తెరిచాడు. పళ్ళు గోడ కట్టినట్టున్నాయి. ఉల్లిపాయ వాసన తప్ప ఇంకేం రాలేదు.

"అలా ముక్కు పెట్టి చూస్తున్నారేంటి సారూ, పోలీసు కుక్కలాగా?"

"ఆడవాళ్ళతో బాగా మాట్లాడతావట."

"మాట్లాడకపోతే పండ్లెవరు కొంటారు? మీతోనూ మాట్లాడుతున్నా, మీరేం కొన్నారు?"

మొహమాటానికి కాసిని బత్తాయిలు కొనక తప్పలేదు. ఇంటికి తెస్తే భార్య వాటినీ, ఆయన్నీ మార్చి మార్చి చూసింది.

"ఎన్నడూ లేంది పండ్లు తెచ్చారు. ఏం చేసొచ్చారు?"

పళ్ళాయన క్యాసెట్ తీసి ఊదాడు. మళ్ళీ అదే పరాయి ఊపిరి. వాసన నిన్నటికన్నా చిక్కబడింది. ఈల మాత్రం సన్నబడింది.

ఇంకో రోజు ఆగలేకపోయాడు. మధ్యాహ్నం ఒక ముసలాయన నోట్లో అచ్చు కోసం పెట్టిన మైనం ఉన్నపళాన లాగేసి, "రేపు రండి" అని దుకాణం మూసి ఇంటికి బయల్దేరాడు. గుమ్మం ముందు చెప్పుల్లేవు. తలుపు కొద్దిగా తోస్తే లోపల మూలన కనబడ్డాయి, మగచెప్పులు. టీవీలో నీళ్ళ చప్పుడు, భార్య నవ్వు వినిపించాయి. పళ్ళాయన తలుపు బార్లా తీశాడు.

చాప మీద బావమరిది కూర్చునున్నాడు.

వీడు ఆమె తమ్ముడు, గోడల మీద బోర్డులు రాసే పెయింటర్. ఒకప్పుడు బావా బావమరుదులిద్దరూ కలిసే సంతలు తిరిగారు, కలిసే ఈ క్యాసెట్లు పోగుచేశారు. కొన్నేళ్ళ కిందట ఒకనాడు పళ్ళాయన పాలు తీసుకోవడానికి గుమ్మందాకా వెళ్ళొచ్చేలోగా వీడు గంట కొట్టేశానన్నాడు. అప్పుడే కరెంటు పోయి తెర నల్లబడింది. ఆ పాత పెట్టె ఏదీ గుర్తుపెట్టుకోదు. "చూసినవాళ్ళెవరు?" అన్నాడు పళ్ళాయన. ఇంటినిండా చుట్టాలున్నప్పుడు అన్నాడు, అబద్ధాలకోరు అని కూడా అన్నాడు. బావమరిది ఆ రోజు గడప దాటి పోయినవాడు మళ్ళీ బావ కంటపడలేదు.

"వచ్చేశావా బావా" అన్నాడిప్పుడు, తెరమీంచి కళ్ళు తిప్పకుండా. "కూర్చో. ఇంకో రెండు గదులు దిగితే గంట. ఈసారి నీ ఎదురుగానే కొడతా."

పళ్ళాయన భార్యను చూశాడు. "వీడా?"

"మరెవరనుకున్నారు?"

పళ్ళాయన మూలనున్న చెప్పులకేసి చూశాడు.

"చెప్పొద్దని వాడే అన్నాడు" అందామె. "చెయ్యి తిరిగాక మీ ముందే కొట్టి చూపిస్తాడట. మీ అనుమానం వదలాలంటే అదొక్కటే మందట."

పళ్ళాయనకు గుండెల మీంచి బండ దిగినట్టయింది. అప్పుడు చూశాడు బావమరిదిని. చొక్కా కొయ్యకు తగిలించినట్టు వేలాడుతోంది. పక్కన నీళ్ళ సీసాలు ఖాళీవి దొర్లుతున్నాయి. ఆడుతూనే ఇంకో సీసా ఎత్తి గటగటా తాగాడు.

"పన్నేదిరా?"

"నిచ్చెన మీంచి పడ్డా. నీ దగ్గరికి రాలేక అలాగే వదిలేశా."

ఆ మాటతోపాటు ఊపిరి వచ్చి తగిలింది. కోపంతో పీల్చినన్నాళ్ళూ అది పండు వాసనగానే ఉంది. ఇప్పుడు కోపం లేదు. ఆ వాసన పళ్ళాయనకు తెలుసు. షుగరు ముదిరి అమ్మ స్పృహ తప్పిన రోజున ఆమె నోట్లోంచి వచ్చింది అదే.

"లే. ఆసుపత్రికి పోదాం."

"గంట కొట్టి లేస్తా."

"ఆట తర్వాత ఆడొచ్చు."

"తర్వాతంటే మళ్ళీ మొదట్నించీ. ఇదేమో గుర్తుపెట్టుకోదు, నువ్వేమో నమ్మవు. నేను లేవను."

రెక్క పట్టుకుని లాగాడు. అక్క బతిమాలింది. మనిషి చాపకు అతుక్కుపోయాడు. ఆట రిమోట్ పట్టుకున్న వేళ్ళు వణుకుతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. పళ్ళాయన వెళ్ళి తెరకు అడ్డంగా గొంతుక్కూర్చున్నాడు.

"ఆ రోజు నువ్వు గంట కొట్టావు."

"చూశావా?"

"చూడలేదు."

"మరి?"

"చూడకుండానే నమ్ముతున్నా. మీ అక్క ముందు చెబుతున్నా. కావాలంటే ఆ చుట్టాలందర్నీ పిలిచి చెబుతా. లేరా నాయనా."

బావమరిది ఆయన ముఖంలోకి చూశాడు. రిమోట్ చేతిలోంచి జారింది. లేవబోయి తూలితే ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని ఆటో ఎక్కించారు. వెనక తెరమీద ఈతగాడు ఊపిరాడక తేలిపోయాడు. సాయంత్రం దాకా ఆగుంటే మనిషి దక్కేవాడు కాదని డాక్టరు చెప్పాడు.

బావమరిది కోలుకున్నాక చాటుమాటు లేకుండా రావడం మొదలుపెట్టాడు. రోజూ చీకటి పడకముందే వస్తాడు, చెప్పులు గుమ్మం ముందే విడుస్తాడు. పళ్ళాయన వాడికి పన్ను కట్టాడు. అయినా ఆట మొదలయ్యేముందు ఒక తతంగం ఉంది.

"ఊదు" అంటాడు పళ్ళాయన.

బావమరిది క్యాసెట్‌లో ఊదుతాడు. పళ్ళాయన అది అందుకుని తనూ ఊది, బయటికొచ్చిన ఊపిరిని ముక్కుతో పట్టుకుంటాడు.

"మధ్యాహ్నం ఏం తిన్నావు?"

"రొట్టె, కూర."

"తర్వాత?"

"ఏం లేదు."

"మీ అక్క బేకరీ వైపు పోలేదూ?"

బావమరిది అక్క వైపు చూశాడు. అక్క ఏదో పని గుర్తొచ్చినట్టు వంటింట్లోకి నడిచింది.

"గంట కొట్టానంటే చూడకుండానే నమ్మావు కదా బావా. ఇదెందుకు నమ్మవు?"

"గంట వేరు" అన్నాడు పళ్ళాయన, క్యాసెట్ మళ్ళీ వాడి చేతిలో పెడుతూ. "ఊదు."