అక్కూబ్ వాలు

అజ్లూన్ కొండల్లో వానలు తెరిపినిచ్చాయంటే రువైదాకు కడుపుమంట మొదలయ్యేది. తోడికోడలి కూతురు తహానీ పొద్దున్నే నానమ్మ వెంట కొండెక్కి, మధ్యాహ్నానికి సంచీనిండా కూరకి అక్కూబ్ ముళ్ళమొక్కలు తెచ్చేది. పన్నెండేళ్ళ పిల్ల. చేతులనిండా ముళ్ళు గీసిన గీతలు. పెళ్ళిలో పక్కావిడ గాజుల్ని చూసినట్టు రువైదా ఆ గీతల్ని చూసేది.

తన లుజైన్‌దీ అదే వయసు. దాని వేళ్ళు మాత్రం నున్నగా ఉంటాయి. ఫోను మీద తప్ప మరి దేనిమీదా ఆడి ఎరగవు.

ఆ ఏడు అత్తగారు హాజ్జా ఫిద్దా భోజనాల దగ్గర తేల్చి చెప్పింది.

"నా మోకాళ్ళు ఇక కొండెక్కవు. రేపు చివరిసారిగా పిల్లలిద్దరినీ మన అక్కూబ్ వాలుకు తీసుకెళ్తాను. శుక్రవారం కోత. ఎవరు బాగా కోస్తే వాలు వాళ్ళది."

అక్కూబ్ దొరికే చోటు ఏ ఇంటికి ఆ ఇల్లు దాచుకునేదే. పెళ్ళిచేసి పంపిన కూతురికైనా చెప్పరు.

"లుజైన్ దారి తప్పినా ఫోనుందిలే," నవ్వింది తోడికోడలు. "అదీ ఆగిపోతే మా తహానీ చెయ్యి పట్టుకుని దింపుతుంది."

 ఆ సాయంత్రం రువైదా కూతుర్ని గదిలోకి పిలిచింది. "ఆ చోటు ఫోనులో గుర్తుపెట్టుకురా. ఎవరికీ చెప్పకు."

మర్నాడు లుజైన్ నలభై ఫొటోలతో తిరిగొచ్చింది. "ఏం చూశావే?" అని తల్లి అడిగితే ఫోను చేతికిచ్చింది. ప్రతి ఫొటోలోనూ తహానీ వంగి మట్టి తడుముతోంది.

గురువారం తెల్లవారుతూనే తల్లీకూతుళ్ళు బయల్దేరారు. ఫోను సూటిగా వాలు దగ్గరికే చేర్చింది.

"ఇక్కడే ఎక్కడో ఉండాలి," అంది లుజైన్, ఒక అక్కూబ్ మొక్కను తొక్కి నిలబడి. "ఫొటోలో పెద్దగా కనిపించాయి."

జర్ఖా పట్నంలో పెరిగిన రువైదా ఏళ్ళతరబడి కత్తెరతో ఆ ముళ్ళు తీసిందే గాని, ఒక్క మొక్కనూ కోసింది కాదు. గునపం లోతుగా దించి పెకలించింది. తహానీకి ఒక్కటీ మిగలకూడదు. రెండు సంచులు నిండాయి.

"లుజైన్ కోసింది అత్తమ్మా," అంటూ సంచులు వాకిట్లో కుమ్మరించింది.

హాజ్జా ఒక మొక్కను ఎత్తింది. కింద మూరెడు నల్లటి వేరు వేలాడింది. ఇంకోటి ఎత్తింది. దానికీ అంతే.

"మట్టిలోకి రెండువేళ్ళు దించి కోస్తారు కోడలా. వేరుంటేనే మళ్ళీ ఏడు మొలుస్తుంది. యాభై ఏళ్ళు కోశాను నేనక్కడ." మనవరాలి వైపు తిరిగింది. "ఒక్కటైనా మిగిలిందా తల్లీ?"

లుజైన్ ఫోను తీసింది. "చాలా ఉన్నాయి నానమ్మా. ఇదిగో చూడు."

తోడికోడలు ఈసారి నవ్వలేదు. తహానీ కింద కూర్చుని వేళ్ళతో వేర్ల మట్టి దులుపుతోంది. "తిరిగి పాతితే బతుకుతాయా?" నానమ్మ తల అడ్డంగా ఊపింది. పిల్ల వెక్కివెక్కి ఏడ్చింది.

"దీనికింత ఏడుపెందుకమ్మా?" గుసగుసగా అడిగింది లుజైన్. "కొండలు బోలెడున్నాయిగా."

ఆ వాలు ఇక ఎవరికీ లేదు. అది తన చేతుల మీదుగానే జరిగిందని రువైదాకు తెలుసు. అయినా కడుపుమంట చల్లారలేదు. మట్టిలోంచి మొలిచినదాని కోసం అలా ఏడ్చే కూతురు తోడికోడలికుంది.