మనవాళ్ళ క్లాసు

అమెరికాలోని అల్ఫారెట్టాలో లక్ష్మీపతిగారి బేస్‌మెంట్ తెలియని తెలుగువాళ్ళు తక్కువ. శని, ఆదివారాల్లో ఆయన అక్కడ పిల్లలకు లెక్కలు రుద్దుతారు. ఆ బ్యాచ్‌లో చేరాలంటే వాట్సాప్ గ్రూపులో ఉండాలి, గ్రూపులో ఉండాలంటే మనవాళ్ళయి ఉండాలి. పైకి ఎవరూ అలా అనరు. అందరికీ తెలుసు, అంతే.

కౌంటీ అంతటి నుంచీ ఏరిన పిల్లలకే సీటిచ్చే, పేరున్న మాగ్నెట్ హైస్కూల్లో సీటు కోసమే ఈ తంటా అంతా. ఇన్నాళ్ళూ ఎంట్రన్స్ పరీక్ష ఉండేది. నల్లజాతి పిల్లలు ఎక్కువగా ఉన్న స్కూళ్ళ నుంచి ఎవరూ రావడం లేదని, పరీక్ష తీసేసి ప్రతి మిడిల్ స్కూలుకూ కొన్ని సీట్లు ఇస్తామని స్కూల్ బోర్డు ఇప్పుడంటోంది. గ్రూపు భగ్గుమంది. రంగు పేరెత్తకుండా రంగు చూసి సీట్లివ్వడమే ఇది, కోర్టుకు వెళదామని లాయరును కూడా మాట్లాడి పెట్టుకున్నారు.

ముందు బోర్డు హియరింగ్‌లో మాట్లాడాలి. పెద్దవాళ్ళలో సగం మందికి వీసా భయం, మిగతా సగానికి యాస భయం. అందుకని అలవాటు ప్రకారం పిల్లల్ని ముందుకు తోశారు. గ్రూపులో ఉన్న శ్రీవిద్య కూతురు నైనిక ఎనిమిదో తరగతి. తెలుగు సంఘం స్టేజీకి పద్యాలు నేర్పినట్టే లక్ష్మీపతిగారు ఆమె చేత స్పీచి బట్టీ పట్టించారు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు పెంచాలో కూడా ఆయనే చెప్పారు. కూతురి వెనకే శ్రీవిద్య మాట్లాడాలి. ఆ స్కూల్లో నైనికకు సీటు రావాలన్నదే ఆమెకు లోకం.

హియరింగ్ రోజు హాల్లో అవతలి వరుసలో నల్లజాతి అమ్మాయి కియారా, వాళ్ళమ్మ కూర్చుని ఉన్నారు. కియారా, నైనిక ఒకే స్విమ్మింగ్ టీమ్. హైవే అవతల కియారా స్కూల్లో ఈ ఏడంతా లెక్కల టీచరు లేరు.

నైనిక మైకు దగ్గరకు వెళ్ళింది. కష్టపడితే ఎవరైనా పైకి రావచ్చన్న మొదటి వాక్యం చక్కగా చెప్పి, ఆగిపోయింది. లక్ష్మీపతిగారు ఆగమన్న చోటు కాదది.

“ఎవరైనా అన్నది నిజం కాదు,” అంది ఇంగ్లీషులో. “మాకు బేస్‌మెంట్‌లో క్లాసు ఉంది. నా ఫ్రెండ్‌ని తీసుకొస్తానని మా అమ్మనడిగాను. అది మనవాళ్ళకే అంది.” ‘మనవాళ్ళకే’ అన్న మాట తెలుగులోనే అని, బోర్డువాళ్ళకు అర్థం చెప్పింది.

శ్రీవిద్యకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికెళ్ళాక దీని సంగతి చూడాలనుకుంది. అంతలో ఆమె పేరు పిలిచారు.

“చిన్నపిల్ల, కన్‌ఫ్యూజ్ అయిందని చెప్పెయ్యమ్మా,” అన్నారు లక్ష్మీపతిగారు చిన్నగా.

ఆ ఒక్క మాటతో అన్నీ సర్దుకునేవి. నైనిక మైకు పక్కనే నిలబడి తల్లినే చూస్తోంది. ఏడుపు ఆపుకుంటోందని శ్రీవిద్యకు తెలిసింది.

“మా అమ్మాయి చెప్పింది నిజం,” అంది శ్రీవిద్య మైకులో. “నేనే వద్దన్నాను.”

ఆ పరీక్షే లేకపోతే మనలాంటివాళ్ళను ఇక్కడ ఎవరు లెక్కచేస్తారన్న భయం ఆమెకు ఇంకా పోలేదు. అది చెప్పకుండానే మైకు వదిలింది.

తిరిగి వస్తూ కియారా తల్లి ముందు ఆగింది. శనివారం నుంచి కియారాను పంపమని, తనే క్లాసుకు తీసుకెళతానని బతిమాలుతున్నట్టు చెప్పింది.

ఆమె కోప్పడలేదు. నవ్వనూ లేదు. “పంపిస్తాను. మరి దాని స్కూల్లో మిగిలిన పిల్లల్ని ఎవరింటికి పంపాలి?” అని అడిగింది.

అంతలో బోర్డువాళ్ళు కియారా తల్లి పేరు పిలిచారు. ఆమె లేచి మైకు దగ్గరకు నడిచింది.