బావ బిగించిన మెమరీ

ఆ పొద్దున మబ్బులు గుంపుగా వచ్చాయి గానీ, కురవాలో వెళ్లిపోవాలో తేల్చుకోలేక ఇళ్ల కప్పుల మీదే తచ్చాడుతున్నాయి. నేను వెళ్లేసరికి మా అక్క ల్యాప్‌టాప్‌దీ అదే వరస. తెర మీద గుండ్రం తిరుగుతూనే ఉంది. అక్క దాని ముందు కూర్చుని బీన్స్ తుంచుతోంది. ఒక్క డిజైను తెరుచుకునేలోపు కూరగాయల పని మొత్తం అయిపోతుందట.

అక్క చొక్కాల ఫ్యాక్టరీకి ఎంబ్రాయిడరీ డిజైన్లు గీస్తుంది. ఆ రోజు ఒంటిగంటలోపు కొత్త డిజైను పంపితే ఏడాది పని ఆమెది. లేకపోతే ఇంకెవరిదో. గీయాల్సినవి రెండు ఆకులే మిగిలాయి, ల్యాప్‌టాప్ కదలదు. మెమరీ పెంచితే తేరుకుంటుందని ఎవరో చెప్పారట, ముందురోజే ఆ ముక్క కొనుక్కురమ్మని నన్ను పంపింది.

దాన్ని ఎలా బిగించాలో అమ్మినావిడ నాకు రెండుసార్లు చేసి చూపించింది. ఏటవాలుగా గాడిలోకి బాగా తోసి, ఆపైన కిందికి నొక్కాలి, రెండు పక్కలా ఉన్న కొక్కేలు టక్కుమని పట్టుకునేదాకా. బిగించడానికి సిద్ధమవుతున్న బావకి అది చెప్పబోయాను.

"టైర్లు విప్పుకునేవాడివి, నాకు బిగింపులు నేర్పుతావట్రా?" అన్నాడు.

నాది పంక్చర్ల షాపు మరి. సరేనని వెళ్లి బీన్స్ పక్కన కూర్చున్నాను.

బావ గడియారాల మెకానిక్. ముప్పై ఏళ్లుగా వెంట్రుకంత తీగలతో వేగుతున్నవాడు. కంటికి అద్దం తగిలించుకుని, తెల్లగుడ్డ పరిచి, ల్యాప్‌టాప్‌ను దాని మీద బోర్లించాడు. స్క్రూలు విప్పి, ఏది ఎక్కడిదో ఆ వరసలోనే పేర్చాడు. బ్యాటరీ తీసేశాడు. అంతవరకూ వంక పెట్టడానికి లేదు. పాత ముక్క ఊడదీసి, కొత్తదాన్ని నిద్రపోతున్న పసిపాపను పడుకోబెట్టినట్టు గాడిలో పెట్టాడు. కొక్కేలు పట్టుకోలేదు. ముక్క ఒక పక్క లేచే ఉంది. నాకు కనబడుతూనే ఉంది. బావ లెక్కలో మాత్రం గడియారంలో ఏదైనా నొక్కాల్సి వచ్చిందంటే, అది తప్పుగా కూర్చున్నట్టే.

బ్యాటరీ పెట్టి, మూత వేసి బటన్ నొక్కాడు. దీపం వెలిగింది గానీ తెర నల్లగానే ఉండిపోయింది. మళ్లీ విప్పాడు. బ్రష్షుతో దులిపాడు. ఇంకా మెత్తగా పెట్టాడు. మళ్లీ నలుపే. మూడోసారికి ఆ షాపావిడ చచ్చు సరుకు అంటగట్టిందని తేల్చేశాడు. కొన్నవాడికైనా కళ్లుండాలి కదా అని నావైపు చూశాడు. నేను పచ్చి బీన్సొకటి తీసుకుని నమిలాను.

పన్నెండు దాటింది. అక్క అటూ ఇటూ తిరగడం మానేసి నా ఎదురుగా వచ్చి నిలబడింది. చిన్నప్పటినుంచీ నా మొహం చదువుతున్న మనిషి.

"నీకు తెలుసు కదూ?"

"తెలుసు."

"మరి చెప్పవేం?"

"బావని అడగమను."

టైర్లవాణ్ణి అడిగే ఖర్మ తనకింకా పట్టలేదన్నాడు బావ. అక్క గొంతు పెంచకుండానే బావవైపు తిరిగింది.

"ఈ పని పోతే నాకు ఇంట్లో చేసేదేం ఉండదు. రేపట్నించి వచ్చి నీ కొట్లో కూర్చుంటా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా, నీ పక్కనే."

బావ కంటి అద్దం తీశాడు.

"ఏం చెయ్యాల్రా?" అని తెల్లగుడ్డని అడిగాడు.

"నొక్కాలి బావా."

రెండు బొటనవేళ్లూ ముక్క మీద పెట్టాడు. పెట్టి, తీసేశాడు. మళ్లీ పెట్టి, మళ్లీ తీశాడు. ఇరిగిపోతుందన్నాడు. చివరికి కుర్చీలోంచి లేచి, "నువ్వే కానియ్" అని గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

చేతులు కడుక్కుని, పొడిగా తుడుచుకుని వచ్చాను. గాడిలోకి తోసి, నొక్కాను. టక్కుమంది. గోడవైపున్న మనిషి ఉలిక్కిపడ్డాడు.

బ్యాటరీ పెట్టి, మూత వేసి బటన్ నొక్కాను. తెర వెలిగింది. డిజైను రెప్పపాటులో తెరుచుకుంది. అక్క మమ్మల్నిద్దర్నీ పక్కకి నెట్టి కుర్చీ లాక్కుంది. ఒంటిగంటకి నాలుగు నిమిషాలుందనగా పంపేసింది. కూర పొయ్యి మీద ఉండగానే ఫ్యాక్టరీ నుంచి జవాబొచ్చింది, పని ఆమెదేనని.

భోజనాలకు కూర్చున్నాం. నేను అడక్కుండానే బావ నా కంచంలో కూర వేశాడు. కాసేపాగి ఇంకో గరిటె వేశాడు. నేను వద్దనలేదు. అక్క తల వంచుకుని పెదాలు బిగపట్టి తింటోంది గానీ, నవ్వుకి భుజాలు మాత్రం కదులుతున్నాయి.