టీవీని ముట్టుకోకూడదట

ఆసుపత్రి సర్వరు గదిలో సర్వరమ్మ అన్నం డబ్బా మూత తీసి ముద్ద కలిపిందో లేదో, ఆడపడుచు తలుపు తోసుకుని లోపలికొచ్చింది.

"వదినా, మళ్ళీ పోయింది."

ఏం పోయిందని అడగక్కర్లేదు. ల్యాబులో రక్తపరీక్షల రిపోర్టులు తయారుచేసే ప్రోగ్రాము. ఊళ్ళో జ్వరాలు పెరిగిన ఈ వారం నుంచీ సరిగ్గా జనం కిక్కిరిసే వేళకే అది చస్తోంది, ఈవిడ లేపుతోంది. ఆసుపత్రిలో కంప్యూటర్ల బాగోగులన్నీ ఆమెవే, అందుకే సర్వరమ్మ. ఆమెకి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటుందని అక్కడ అందరూ ఎప్పుడో మరిచిపోయారు. ఆడపడుచేమో అదే ల్యాబులో టెక్నీషియను. అందుకని ఆఫీసు తిట్లు ఇంట్లో కూడా తినే భాగ్యం సర్వరమ్మకి దక్కింది.

"పిల్లాడి ఒళ్ళు కాలిపోతోందని ఒకావిడ పొద్దుటినుంచీ కూర్చుంది. పరీక్ష అయిపోయింది, కాగితమే రావట్లేదు. డాక్టరుగారు అది చూస్తేగానీ మందు మార్చనంటున్నారు. ఆవిడకేం చెప్పను? కెర్నెల్‌కి కోపమొచ్చిందని చెప్పనా?"

"చెప్పు. ఉన్నమాటేగా!"

కలిపిన ముద్ద వదిలేసి చెయ్యి కడుక్కుంది. ప్రోగ్రామును లేపింది. పిల్లాడి రిపోర్టు బయటికి రాగానే ఆడపడుచు దాన్ని పట్టుకుని డాక్టరు గదికి పరుగెత్తింది.

కంప్యూటరుని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌లో పెత్తనమంతా కెర్నెల్‌ది. ఏ ప్రోగ్రాముకెంత మెమరీ ఇవ్వాలో అదే చూసుకుంటుంది. మెమరీ పూర్తిగా నిండుకుంటే, మెషిను మొత్తం కూలిపోకుండా ఏదో ఒక ప్రోగ్రామును చంపి చోటు చేసుకుంటుంది. ఆ వేటు రోజూ రిపోర్టుల మీదే పడుతోంది.

సర్వరమ్మ చెయ్యని ప్రయత్నం లేదు. లేని మెమరీకి మాటివ్వొద్దని కెర్నెల్ సెట్టింగు బిగిస్తే, పరీక్షల వివరాలన్నీ దాచే డేటాబేసు అసలు లేవనే లేవనని మొండికేసింది. వాడని సరుకు డిస్కు మీదికి నెట్టెయ్యమని ఇంకో సెట్టింగు పెంచితే, రిపోర్టులు చావలేదు గానీ నత్త దగ్గర నడక నేర్చుకున్నట్టు తయారయ్యాయి. మెమరీ రెట్టింపు చేయించింది. అదీ హారతికర్పూరమైపోయింది. తలప్రాణం తోకకొచ్చిందంటారే, ఆమెకి తోక కూడా మిగల్లేదు.

ఆ రోజు మాత్రం గది గడియ పెట్టుకుంది. ఫోను బోర్లా పడేసి, ఏ ప్రోగ్రాము ఎంత మెమరీ తింటోందో తెరమీద కళ్ళప్పగించి చూస్తూ కూర్చుంది. బయట ఎవరో తలుపు కొడుతున్నా పలకలేదు.

రిపోర్టుల ప్రోగ్రాము పాపం ఉన్నచోటే ఉంది. ఇంకొకటి మాత్రం మెల్లగా ఉబ్బుతోంది. హాల్లో టీవీ మీద టోకెన్ నంబర్లు చూపించే ప్రోగ్రాము! పిలిచిన ప్రతి నంబరుకీ ఇంత మెమరీ పుచ్చుకోవడం, తిరిగివ్వకపోవడం. మరి కెర్నెల్ దీన్నెందుకు వదిలేస్తోందని చూస్తే, దాని ఎదురుగా మైనస్ వెయ్యి అని రాసుంది. అంటే, ఏ ఆపదొచ్చినా దీని మీద చెయ్యి వెయ్యొద్దని ఎవరో కెర్నెల్‌కి ఆజ్ఞ ఇచ్చారన్నమాట.

ఎవరో తెలుసుకోవడానికి ఆట్టే తిరగక్కర్లేకపోయింది.

"నేనే మీకు ముందున్నతనితో చేయించా," అన్నాడు మేనేజరు, మెచ్చుకోలు కోసం చూస్తూ. అన్నీ అర్జెంటే కాబట్టి ఆయన్ని చాటుగా అర్జెంటుగారంటారు. "డైరెక్టరుగారొచ్చిన రోజే టీవీ ఆగిపోయి నా పరువు పోయింది. ఇక జన్మలో ఆగకూడదన్నా."

"అది ఆగట్లేదు సార్. దాని బదులు రిపోర్టులు ఆగుతున్నాయి."

"రిపోర్టులు లోపల కదా మేడమ్! టీవీ అందరికీ కనిపిస్తుంది."

మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగనూనె అన్న సామెత నాలుక చివరిదాకా వచ్చింది. ఆయనకి మీసాలు లేకపోవడంతో మింగేసి, గదికి వెళ్ళి ఆ మైనస్ వెయ్యి తీసిపారేసింది. టీవీ ప్రోగ్రాముకి ఇంతకు మించి తినకూడదని హద్దు గీసింది. హద్దు దాటితే కెర్నెల్ దాన్నే చంపాలి, అది మళ్ళీ మొదలవ్వాలి.

మర్నాడు జనం నిండిన వేళకి టీవీ నల్లబడింది. రిపోర్టులు మాత్రం ధారగా వస్తూనే ఉన్నాయి. హాల్లో గోల మొదలైంది. నా నంబరు దాటిపోయిందని ఒకాయన, ముందు నేనని ఇంకొకాయన. అర్జెంటుగారు సర్వరు గదిలోకి ఉరుక్కుంటూ వచ్చాడు.

"మేడమ్! టీవీ! అర్జెంటు!"

"రెండు నిమిషాల్లో అదే వస్తుంది సార్. ఆ మైనస్ వెయ్యి నేనే తీసేశా. మీరు కూర్చోండి."

"కూర్చోవడమేంటండీ, కొంపలంటుకుంటుంటే!"

ఈలోగా బయట ఆడపడుచు గొంతు ఖంగుమంది. ల్యాబు గుమ్మంలో నిలబడి నంబర్లు పిలుస్తోంది. ఇంట్లో అన్నగారిని భోజనానికి పిలిచే గొంతే, వీధి చివరిదాకా వినిపించే రకం. పిలిచినవాళ్ళు పిలిచినట్టే వచ్చి రిపోర్టులు పుచ్చుకున్నారు. గోల సద్దుమణిగింది. టీవీ వెలిగాక కూడా కాసేపటిదాకా దానివైపెవరూ చూడలేదు.

అర్జెంటుగారు కుర్చీ లాక్కుని ఆలోచనలో పడ్డాడు. ఆయన ఆలోచించినప్పుడల్లా సర్వరమ్మకి గుండె దడ.

"మేడమ్, ఒక పని చేద్దాం. టీవీకీ మైనస్ వెయ్యి, రిపోర్టులకీ మైనస్ వెయ్యి. అసలు అన్నిటికీ పెట్టేస్తే పోలా? ఏదీ ఆగదు."

ఆమె రెండు చేతుల్తో మొహం రుద్దుకుంది.

"ఎవర్నీ ముట్టుకోవద్దంటే కెర్నెల్ ఏం చేస్తుంది సార్? మెషినంతా పడేస్తుంది. టీవీ, రిపోర్టులు, మీ జీతాల ప్రోగ్రాము, అన్నీ ఒక్కసారే."

"జీతాలు కూడానా?"

"అవి కూడా."

ఆయన లేచాడు. "అయితే ఇలాగే ఉండనివ్వండి," అని వెళ్ళిపోయాడు. టీవీ ప్రోగ్రాము తిండి తగ్గించమని దాన్ని అమ్మినవాళ్ళకి ఆమె ఫోను చేస్తే, చూస్తామన్నారు. వాళ్ళు అనడమే గానీ ఎప్పుడూ చూసింది లేదు. ఆమె డబ్బా దగ్గరికి లాక్కుంది.

తలుపు తెరుచుకుంది. ఆడపడుచు.

"ఏమైందే మళ్ళీ?" అని సర్వరమ్మ దాదాపు అరిచింది.

"ఏం కాలేదు వదినా. నిన్నటి ఆ పిల్లాడికి జ్వరం దిగిందట, వాళ్ళమ్మ చెప్పి వెళ్ళింది. నేనూ తినలేదు, కాస్త జరుగు."