పైకప్పు మీది నాలుగు స్క్రూలు

నా భార్య ఆర్డిస్ వంటింటి బల్ల మీద కార్డులు పరిచిందంటే నేను ఏదో పని చెప్పి బయటికి జారుకుంటాను. ఒక్కో కార్డు ఒక్కో రోజు. పొద్దున ఎక్కడ బయలుదేరాలి, పెట్రోలు ఎక్కడ పోయించుకోవాలి, సాయంత్రానికి ట్రైలర్ ఎక్కడ ఆపాలి, అక్కడ నీళ్ల కుళాయి ఉందా లేదా, అన్నీ పెన్సిల్‌తో రాసి ఉంటాయి. మా ఊరు మైనాట్ నుంచి సరిహద్దు దాటి, కెనడా గుండా ఉత్తరానికి వైట్‌హార్స్ దాకా దాదాపు రెండు వేల మైళ్లు. పద్నాలుగు కార్డులు. తొమ్మిదేళ్లుగా ప్రతి ఏప్రిల్‌లోనూ అవి బల్ల మీదికి వస్తున్నాయి, ప్రతి జూన్‌లోనూ డబ్బాలోకి తిరిగి వెళ్తున్నాయి. దానికి కారణం నేను.

ట్రైలర్ అంటే పికప్ బండి వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల గది, పెద్దదేం కాదు. పదమూడు అడుగులు, కోడిగుడ్డు ఆకారం. లోపల ఇద్దరు పడుకోవచ్చు, మూడో మనిషి ఉంటే నిలబడాల్సిందే. ఆర్డిస్ వాళ్ల నాన్న కొన్నది. ఆర్డిస్, వాళ్లక్క సోల్వే చిన్నప్పుడు వేసవులన్నీ అందులోనే కొట్టుకుంటూ, నవ్వుకుంటూ గడిపారు. సోల్వే నలభై ఐదేళ్ల కిందట కెనడా అతన్ని చేసుకుని వైట్‌హార్స్ వెళ్లిపోయింది. మామగారు పోయి ట్రైలర్ మాకు వచ్చినప్పుడు వదిన ఫోన్లో చెల్లెల్ని ఒక్కటే అడిగింది.

"దాన్ని ఒక్కసారి ఇక్కడికి లాక్కురండే. మా పెరట్లో పెట్టుకుని మనిద్దరం ఒక్క వారం అందులో పడుకుందాం."

అంతే ఆవిడ కోరిక. దాన్ని తొమ్మిదేళ్లు నాన్చాను నేను.

మొదటి ఏడు చక్రాల బేరింగులు పోయాయన్నాను. రెండో ఏడు బ్రేకుల వైరింగ్. మూడో ఏడు నా నడుము. ఆ తర్వాతి వేసవుల సంగతీ అంతే. మధ్యలో మహమ్మారి వచ్చి సరిహద్దే మూసేశారు. లోకమంతా ఏడుస్తుంటే నేను మాత్రం హాయిగా గురకపెట్టి నిద్రపోయాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. రెండేళ్ల కిందట పైకప్పులో గాలాడే కంతకున్న గాలిమూత కారి లోపలి పరుపు దిండ్లన్నీ కుళ్లిపోయాయి. వాళ్లమ్మ చేత్తో కుట్టిన దిండ్లు. ఆ ఏడూ ప్రయాణం లేదు. పోయిన శీతాకాలానికి వదినకు చూపు పూర్తిగా పోయింది.

చెవి ఆపరేషన్ అయ్యాక ఆర్డిస్ విమానం ఎక్కలేదు. ట్రైలర్ లాగడం తనకు రాదు. నేర్పమని ఎన్నిసార్లో అడిగింది, "నీ వల్ల కాదులే" అని కొట్టిపారేశాను. నేర్పితే ఒక్కతే వెళ్లగలదు. అప్పుడు "నువ్వెందుకు రావు?" అని అడుగుతుంది.

ఎందుకంటే నేను వెళ్లలేను. ఇరవై నాలుగేళ్లప్పుడు, మిన్నెసోటాలో, ఒక పెళ్లి విందులో పీకలదాకా తాగి పికప్ నడుపుతూ, డ్యూటీ దిగి ఇంటికి నడిచి వెళ్తున్న ఒక నర్సును గుద్దాను. బతికింది గానీ ఆమె మోకాలు మళ్లీ వంగలేదు. నాకు ఎనిమిది నెలల జైలు. రెండేళ్లకు ఆర్డిస్ పరిచయమైతే, ఆ ఎనిమిది నెలలూ వయోమింగ్‌లో పైప్‌లైన్ పని చేశానని చెప్పాను. నమ్మకం కుదరడానికి ఒక వంటవాణ్ని కూడా పుట్టించాను. పార మీద పాన్‌కేకులు కాల్చేవాడని చెప్పాను. ఆ కథ ఆర్డిస్‌కి ఎంత ఇష్టమంటే, మనవలకు తనే చెబుతుంది.

పెళ్లయిన కొత్తలో ఒక్కణ్నే కెనడాకు చేపల వేటకు బయలుదేరితే, సరిహద్దు దగ్గర నా పేరు మీదున్న పాత శిక్ష చూసి వెనక్కి పంపేశారు. అర్జీ పెట్టుకుంటే క్షమించే దారి ఉందన్నారు. అయితే ఏడాదికి పైనే పడుతుంది, కోర్టు కాగితాలు తెప్పించాలి. మా ఇంటికొచ్చే కవర్లన్నీ విప్పేది ఆర్డిస్. అందుకని చేపలు పడలేదని చెప్పి ఊరుకున్నాను. ఈ తొమ్మిదేళ్లలో ఎప్పుడు అర్జీ పెట్టినా ఈపాటికి వదిన పెరట్లో ఉండేవాళ్లం. పెట్టలేదు. పిరికివాణ్ని, అంతే.

ఈ ఏప్రిల్‌లో ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చి భోంచేశాక, ఆర్డిస్ కార్డులు పరిచింది. సరిహద్దు దగ్గర అడిగే ప్రశ్నల జాబితా పైకి చదవడం మొదలుపెట్టింది.

"పొయ్యి కట్టెలు? వద్దు, అక్కడే కొందాం. తుపాకీ? ఈగలు కొట్టే బద్ద ఉంది, అది చెప్పాలంటావా?" నవ్వింది. "బండిలో ఉన్నవాళ్లలో ఎవరికైనా నేరం రుజువై శిక్ష పడిందా? ఏమయ్యా లోవెల్, నువ్వెవరి మెడైనా కోశావా? లైబ్రరీ పుస్తకం ఒక్క రోజు ఆలస్యమైతే నిద్రపట్టని మనిషివి."

'లేదు' అన్నచోట టిక్కు పెట్టింది.

తర్వాత కుట్టుమిషను పక్కనుంచి కొత్త దిండు గలీబు తెచ్చింది. చారలు చారలుగా లేచి ఉండే కార్డురాయ్ గుడ్డ.

"కళ్లు మూసుకో. మూసుకుని తాకి చూడు. కూర్చునే వైపు ఏదో, అంచు ఏదో తెలుస్తోందా?"

"పువ్వుల గుడ్డ తీసుకుంటానన్నావుగా?"

"పువ్వులు ఎవరు చూస్తారు? అక్కకి చేతికి తెలియాలి."

కళ్లు మూసుకున్నాను. చారల మీద వేళ్లు పెట్టాను. ఇక ఒక్క క్షణం కూడా మొయ్యలేకపోయాను. కళ్లు తెరవకుండానే పెళ్లి విందు దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పేశాను. ఆర్డిస్ కుర్చీ లాక్కున్న చప్పుడు వినిపించింది.

"ఆ నర్సు పేరేంటి?"

"బెవర్లీ."

"ఎప్పుడైనా ఒక్క ఉత్తరం రాశావా?"

"లేదు."

"పైప్‌లైన్ వంటవాడు?"

"లేడు."

"పార మీద పాన్‌కేకులు?"

"అవీ లేవు."

"నా పిచ్చి గానీ, చర్చి విందులో పాస్టరు గారికి కూడా చెప్పాను ఆ కథ," అంది. గొంతులో కొంచెం తడి ఉంది, కొంచెం నవ్వు కూడా ఉందేమో. అక్కడ ఆపి ఉంటే క్షమించేదేమో. కానీ ఇంకొకటి మిగిలింది.

"గాలిమూత," అన్నాను. "అది దానంతటది కారలేదు. ఆ వసంతంలో వర్షం వస్తుందని రేడియోలో విని, నిచ్చెన వేసుకుని ఎక్కి, నాలుగు స్క్రూలూ వదులు చేశాను. కొంచెం తడిస్తే చాలనుకున్నాను. మూడు రోజులు పడింది."

గలీబు నా చేతి కింద నుంచి జారిపోయింది. కళ్లు తెరిచేసరికి తను నిలబడి ఉంది, మొహం పాలిపోయి.

"ఆ అమ్మాయి సంగతి నీకు ఇరవై నాలుగేళ్లప్పటిది, లోవెల్. తాగి చేశావు. స్క్రూలు అరవై ఎనిమిదేళ్లప్పుడు విప్పావు. కాఫీ తాగి చేశావు. ఆ ఏడు అక్కకి ఇంకా కళ్లు కనిపించేవి."

గలీబు మడిచి కుట్టుమిషను దగ్గరికి వెళ్లిపోయింది.

వారం రోజులు నాతో అవసరమైనంత మేరకే మాట్లాడింది. ఎనిమిదో రోజు పికప్ తాళంచెవులు నా ముందు పడేసింది. "వెనక్కి నడపడం నేర్పు."

చర్చి వెనక ఖాళీ స్థలంలో రెండు రంగు డబ్బాలు నిలబెట్టాను. ట్రైలర్‌ను కుడికి తిప్పాలంటే స్టీరింగ్ ఎడమకు తిప్పాలన్నాను. మొదటి రోజు రెండు డబ్బాలనూ తొక్కేసింది.

"నెమ్మదిగా," అన్నాను.

"తొమ్మిదేళ్లు నెమ్మదిగానే ఉన్నాగా," అంది అద్దంలోంచి చూస్తూ.

మే నెలాఖరుకు నాకంటే బాగా వెనక్కి పెట్టగలిగింది. కొక్కెం తగిలించడం, గొలుసులు వెయ్యడం, దీపాలు చూసుకోవడం, అన్నీ వచ్చేశాయి. ఇంత తేలిగ్గా నేర్చుకునే మనిషికి 'నీ వల్ల కాదు' అని ఇన్నేళ్లూ చెప్పాను. గాలిమూత మాత్రం నన్ను ముట్టుకోనివ్వలేదు. తనే ఎక్కి బిగించుకుంది.

జూన్‌లో సరిహద్దు ఊరు పోర్టల్ దాకా మా పాత కారులో వెనకాలే వెళ్లాను. సరిహద్దుకు ముందు పక్కకు ఆపి, దిగి వచ్చింది.

"ఇన్నేళ్లూ ఎందుకు రాలేదని అక్క అడుగుతుంది. నేను చెప్పను. చేరాక ఫోన్ చేయిస్తాను, నువ్వే చెప్పుకో." ఆ పైన, "ఫ్రిజ్‌లో కూర ఉంది, మూడు రోజులకి వస్తుంది," అంది. ముద్దు పెట్టుకోలేదు. ట్రైలర్ వంకర లేకుండా తిన్నగా సరిహద్దు గేటులోకి వెళ్లింది.

పద్నాలుగో కార్డు రోజు సాయంత్రం ఫోన్ మోగింది.

"ఏమయ్యా మెకానిక్కూ," అంది సోల్వే వదిన. "ఈ కోడిగుడ్డులో కూర్చుని మాట్లాడుతున్నా. తొమ్మిదేళ్లు ఏం బాగుచేశావయ్యా దీన్ని? తలుపు ఇంకా కిర్రుమంటోంది."

చెప్పాను. నర్సు దగ్గర్నుంచి స్క్రూల దాకా, ఏదీ తగ్గించకుండా. అవతల తలుపు ఒకసారి కిర్రుమంది.

"అమ్మ దిండ్లు ఎవరు పారేశారు?" అని అడిగింది చివరికి.

"నేనే. చెత్తదిబ్బకు తీసుకెళ్లాను."

"అయితే ఆఖరిగా చూసింది నువ్వే. ఎలా ఉన్నాయో చెప్పు. నేను మర్చిపోయినట్టున్నాను, చెల్లినడిగితే ఏడుస్తుంది."

"పసుపు గుడ్డ మీద నీలం కోళ్లు. కిటికీ వైపు దిండుకు మూల మీద ఎర్ర అతుకు ఉంది. కుట్లు వంకర టింకరగా..."

"నా గౌను ముక్క అది," అంది. "నేను చిన్నప్పుడు మొట్టమొదట కుట్టింది. ఊడదీసి మళ్లీ కుడతానంటే అమ్మ ఒప్పుకోలేదు. ఉండనీ అంది. అది చూసే పారేశావా?"

"చూసే పారేశాను."

ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు.

"ఎన్ని కుట్లున్నాయి?" అని అడిగింది, చాలా మెల్లగా. "చెప్పు లోవెల్. నాకిప్పుడు చెయ్యి పెట్టి చూసుకోవడానికి కూడా లేదు."

కళ్లు మూసుకున్నాను. ఎరుపు కనిపించింది, మూల కనిపించింది. పారేసిన రోజు మళ్లీ వాన పడుతోంది, తొందరలో ఉన్నాను, ఎవరైనా చూస్తారేమోనని దాన్ని బోర్లా తిప్పి విసిరేశాను.

"తెలీదు వదినా," అన్నాను.