మారు లేని భోజనం

మేడమ్ గారిని మారు అడగొద్దని కుసుమ ఫోనులో ముందే చెప్పింది.

“ఒక్కసారి వడ్డించి ఊరుకో పిన్నీ. రెండోసారి అడిగితే ఆవిడకి నచ్చదు.”

సరేనన్నాను గాని ఆ మాట నాకు మింగుడు పడలేదు. మురమళ్ళలో ఈ ఇంటికి కాపరానికి వచ్చి ముప్ఫై రెండేళ్ళయింది. మా విస్తరి ముందు కూర్చున్నవాళ్ళెవరూ మారు వడ్డించుకోకుండా లేవలేదు. కడుపు నిండినవాళ్ళు కూడా మర్యాదకి మరో రెండు మెతుకులు పెట్టించుకుంటారు. ఒక్క వడ్డనతో లేపేస్తే, వాళ్ళు రావడం మాకిష్టం లేదని మొహం మీద చెప్పినట్టే.

కుసుమ మా అక్క కూతురు. రాయవరం పిల్ల. యానాం సంబంధం చేశారు. అబ్బాయి వాళ్ళకి తాతగారి నాటి నుంచి ఫ్రెంచి పౌరసత్వం ఉంది. పెళ్ళయ్యాక ఇద్దరూ ఫ్రాన్సులో దక్షిణాన, సముద్రం ఒడ్డున ఉన్న మార్సెయి వెళ్ళిపోయారు. అక్కడ సొలాంజ్ అనే ఆవిడ నడిపే పెద్ద పేరున్న రెస్టారెంటులో ఆరేళ్ళుగా వంట చేస్తోంది. ఎనిమిదే బల్లలు. రెండు నెలల ముందు చెప్పుకుంటే గాని చోటు దొరకదట. వచ్చినవాళ్ళు ఇది కావాలని అడగడానికి లేదు. పద్నాలుగు పళ్ళేలు వరసగా వస్తాయి. పళ్ళెం చేటంత ఉంటుంది, అందులో వంటకం ఉసిరికాయంత. తిని లేచేసరికి మూడు గంటలు.

ఒకసారి పనివాళ్ళ భోజనానికి కుసుమ డబ్బాలో దొరికే పచ్చి పనస తెచ్చి, ఆవ పెట్టి కూర వండిందట. సొలాంజ్ గారు రుచి చూసి వచ్చే మెనూలో పెడతానన్నారట. ఆరేళ్ళలో కుసుమ వంటకం ఒక్కటీ ఆ మెనూకి ఎక్కలేదు. ఇది ఎక్కితే ఆ వంటింట్లో తన మాటకి విలువ వస్తుందని దాని ఆశ. అసలు కూర అసలు చోట ఎలా ఉంటుందో చూడాలని ఆవిడే కుసుమని వెంటబెట్టుకుని బయల్దేరారు.

గురువారం పొద్దున్నే వచ్చారు. ఆవిడకి అరవై దాటి ఉంటాయి. పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు, ముంజేతుల నిండా పాత కాలిన మచ్చలు. ఆ మచ్చలు చూడగానే నాకు గౌరవం కలిగింది. పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషే.

వంటింట్లో పీట వేయించుకుని కూర్చుని, చిన్న పుస్తకంలో అన్నీ రాసుకున్నారు. బజారులో కొట్టి అమ్మే పనసపొట్టు ముతకగా ఉంటుందని నేనెప్పుడూ కొనను. చేతులకి నూనె రాసుకుని, పనసకాయ చెక్కు తీసి, కత్తితో నేనే సన్నగా కొట్టాను. ఆవిడ కత్తి తీసుకుని తనూ కొట్టి చూశారు. నాకన్నా సన్నగా వచ్చింది. ఒప్పుకున్నాను. పొట్టు ఉడికించి వార్చి, చింతపండు పులుసు, పోపు, ఇంగువ వేసేదాకా అక్కడే ఉన్నారు. ఆ తరువాత మా వారు సూర్యప్రకాశరావు గారు ఆవిడని దొడ్లోకి తీసుకెళ్ళి కొబ్బరిచెట్లు చూపించారు. తిరిగి వచ్చేసరికి నేను కూరలో ఆవ కలిపేశాను.

విస్తరి వేశాం. అన్నం, పప్పు, పనసపొట్టు, మామిడికాయ పచ్చడి. ఆవిడ చేత్తోనే తిన్నారు. కూర మొదటి ముద్దకి కళ్ళు మూసుకున్నారు. ఆవ ఘాటు ముక్కుకెక్కి నీళ్ళొచ్చినా చెయ్యి ఆపలేదు. విస్తట్లో కూర అయిపోయింది. ఊరుకుందామనే అనుకున్నాను. గరిటె పట్టుకున్న చెయ్యి ముందుకు పోయింది.

“కొంచెం మారు వడ్డించమంటారా?”

ఆవిడ విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి కుసుమ వైపు చూశారు. నేను అమలాపురంలో బి.ఎ. చదివినదాన్నని, ఇంగ్లీషు వచ్చునని కుసుమ చెప్పాక, ఆవిడ ఇంగ్లీషులో నాతోనే మాట్లాడారు.

“మా దగ్గర ఎవరికీ రెండోసారి వడ్డించం. కొంచెం ఆకలి మిగలాలి. అప్పుడే మళ్ళీ వస్తారు.”

“మా దగ్గర ఆకలి మిగిల్చి పంపితే మళ్ళీ రారండి,” అన్నాను.

మా వారు దగ్గారు. ఆవిడ మాత్రం నవ్వేసి, కూర గొప్పగా ఉందని, మెనూలో పెట్టడం ఖాయమని చెప్పారు. కుసుమ ముఖం వెలిగింది. ఎలా పెడతారో కూడా చెప్పారు. చెంచాడు పొట్టు, పైన నిమ్మనురగ. ఈ ఘాటు వాళ్ళ అతిథులు తట్టుకోలేరు గనక సీసాలో వచ్చే ఆవముద్ద. పేరు కూడా ఆలోచించి ఉంచారు, ‘సొలాంజ్ చూసిన గోదావరి’ అని.

“వండేది ఎవరండీ?” అన్నాను.

“కుసుమే.”

“పేరేమో మీదా?”

“నా వంటింట్లో ఉడికిన ప్రతిదీ నా పేరు మీదే వెళ్తుంది. నేను ఇరవై ఏళ్ళు ఒకాయన దగ్గర వండాను. అన్నీ ఆయన పేరు మీదే వెళ్ళాయి.”

ఆ మాటలో గర్వం లేదు, బాధా లేదు. తను మింగింది కనక అందరూ మింగుతారనే అనుకున్నారు.

మా వారు నన్ను అక్కణ్ణించి కదిలించాలని మజ్జిగ తెమ్మన్నారు. నేను కదల్లేదు.

“ఊరుకో పిన్నీ,” అంది కుసుమ తెలుగులో. “ఆవిడ చెప్పినట్టే జరుగుద్ది. అక్కడంతా అంతే.”

“నేను ఊరుకుంటానే. నువ్వు ఊరుకోగలవా?”

కుసుమ ఆవిడ పక్కనున్న పుస్తకం తీసుకుని, కూర రాసిన పేజీ నిలబడే చదివింది. చదివి, నాకూ అర్థం కావాలనేమో, ఇంగ్లీషులోనే మాట్లాడింది.

“ఇక్కడ తప్పు రాశారు మేడమ్. ఆవ పొయ్యి మీద ఉండగా కలపాలని రాశారు. అలా చేస్తే చేదెక్కిపోతుంది. కూర దించి, పూర్తిగా చల్లారాక కలపాలి. ఆవాలు నానబెట్టి, ఉప్పూ పసుపూ ఎండుమిర్చీ వేసి నూరాలి. దిద్దుకోండి.”

ఆవిడ చెయ్యి తుడుచుకుని దిద్దుకున్నారు. కుసుమ ఆ చివరి అక్షరం దాకా ఆగింది.

“ఇప్పుడు కూర మీకు పూర్తిగా వచ్చినట్టే. మీ చేత్తో వండుకోండి, మీకు నచ్చిన పేరు పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నేను మాత్రం సీసా ఆవతో వండను. నేను వండింది ఇంకొకరి పేరు మీద బల్ల మీదికి పంపను.”

ఆవిడ కలం మూసి కుసుమ వైపు తిరిగారు.

“ఆలోచించుకునే చెబుతున్నావా?”

“ఆరేళ్ళుగా ఆలోచించాను మేడమ్.”

“అయితే నీ చోటుకి నేను వేరే మనిషిని చూసుకోవాలి.”

“చూసుకోండి.”

ఆవిడ చెయ్యి కడుక్కుని, భోజనం బాగుందని నాకు రెండు చేతులూ జోడించి, కారెక్కారు. సాయంత్రం దాకా ఉండాల్సిన మనిషి ఒంటిగంటకే రాజమండ్రి వెళ్ళిపోయారు. కుసుమ గుమ్మం దాకా వెళ్ళి సాగనంపి వచ్చింది.

మా వారికి మనసు ఆగలేదు. “పేరుదేవుందమ్మా, పేరు కూడెడతాదా? అంత గొప్ప చోట ఉద్యోగం పోగొట్టుకున్నావు. రేపు మీ ఆయనకేం చెబుతావు?”

“జరిగిందే చెబుతాను బాబాయి గారూ. ఆ ఊళ్ళో వంటిళ్ళు బోలెడున్నాయండి. ఎనిమిది బల్లలది కాకపోతే మూడు బల్లలది చూసుకుంటాను. అదీ లేకపోతే బండి పెడతాను.”

“ఇదంతా మీ పిన్ని ఎక్కించిందే,” అన్నారు నన్ను చూస్తూ.

“ఆయ్. పిన్ని ఒకటి అడిగింది, అంతేనండి. చెప్పింది నేను.”

ఆకలేస్తోందని తనే విస్తరి వేసుకుంది. నేను వడ్డించాను. కూర కలుపుకుని ఒక ముద్ద తిని, ఆగి, రెండో ముద్ద కూడా తిని చూసింది.

“ఉప్పు తగ్గింది పిన్నీ.”

“సరిపోయింది. నేను చూసేను.”

“లేదు. తగ్గింది.”

ఈ ఇంట్లో నా కూరకి వంక పెట్టినవాళ్ళు లేరు. అది లేచి నా వంటింట్లోకి వెళ్ళి, నన్ను అడక్కుండానే ఉప్పు డబ్బా తెచ్చి, విస్తట్లో కాదు, గిన్నెలోనే వేసి అడుగుదాకా కలిపింది. నేను చూస్తూ నిలబడ్డాను. తరువాత నా విస్తరి కూడా వేసుకుని దాని పక్కన కూర్చున్నాను.