సరంగు పడవ

సరంగు పరాయివాళ్ల వల ఎత్తి ఇంటికి తెచ్చిన రోజున ఆయన భార్య వేళాకోళం అనుకుంది. వల నిండా చేపలు, ఆయన మొహం నిండా సంతోషం. "చూశావా, నా చెయ్యి ఇంకా వట్టిపోలేదు" అన్నాడు. వల అంచున తేలే బెండ్లు మాత్రం ఎర్రవి. వీళ్లవి పసుపువి. ఆమె తన చేత్తో రంగేసి ఆరబెట్టినవి.

సాయంత్రానికి ఆ వల తాలూకు మనిషి గుమ్మంలో నిలబడ్డాడు. దెబ్బలాటకి రాలేదు.

"వదినా, అన్నకి నామీద ఏమన్నా కోపమా?" అన్నాడు నెమ్మదిగా.

ఆమెకి తల కొట్టేసినట్టయింది. ఎదుటివాడి వల మన పడవకి చిక్కుకుంటే విప్పి మళ్లీ అక్కడే వదలాలని ఆ జలాశయం మీద అందరికీ నేర్పిందే సరంగు. ఆనకట్ట వాళ్ల లాంచీ ఏళ్ల తరబడి నడిపినవాడు. అసలు పేరు ఆయనకే గుర్తులేనంతగా సరంగు అన్న పిలుపు అతుక్కుపోయింది. పని మానేశాక చిన్న చెక్క పడవ చేయించుకుని చేపలు పట్టుకుంటున్నాడు. నీటి అడుగున ఎక్కడెక్కడ పాత చెట్ల మోళ్లున్నాయో, ఏ మోడుకి వల తగిలితే చిరుగుతుందో కళ్లు మూసుకుని చెప్పేవాడు.

అలాంటి మనిషి వారం తిరక్కుండా నీటి మధ్యలో తెడ్డు ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయాడు. గాలికి పడవ కొట్టుకుపోయి అవతలి ఒడ్డున రాళ్లకి ఆనుకుంది. తీసుకొచ్చినవాళ్లు "అన్నా, ఇల్లు ఎటో మర్చిపోయావా?" అని నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. ఇంటికొచ్చాక మాత్రం, చెప్పులైనా విప్పకుండా, భార్య చెయ్యి పట్టుకున్నాడు.

"నిజంగానే తెలీలేదే" అన్నాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఏదీ దాచలేదు. మతిమరుపు ముదురుతుందే తప్ప వెనక్కి తగ్గదంది. "నీళ్ల మీదికి ఒంటరిగా పంపకండి" అంది. పంపకుండా ఆపడం ఎలాగో చెప్పలేదు. తెల్లారితే పడవ దగ్గర నిలబడే మనిషిని ఇంట్లో కూర్చోమంటే, రెండో రోజుకే అన్నం మానేశాడు.

అందుకని ఆమే పడవెక్కింది. బావిలోకి తొంగిచూస్తేనే కళ్లు తిరిగే మనిషి, ఆ వయసులో తెడ్డు పట్టింది. మొదట్లో పడవ నడుస్తుందా, తిరగలిలా తిరుగుతుందా తెలిసేది కాదు. సరంగు ఎదురుగా కూర్చుని పగలబడి నవ్వేవాడు. "నీళ్లని కొట్టకే, తోసెయ్. అవి నీకేం బాకీ లేవు" అనేవాడు. అరచేతులు బొబ్బలెక్కి, కాయలు కాచి, చివరికి పడవ ఆమె మాట వినడం మొదలుపెట్టింది. నీటి మధ్యకి వెళ్లాక ఆయన వేళ్లకి ప్రాణం వచ్చేది. చూడకుండానే ముడులు వేసేవాడు. గాలానికి ఎర గుచ్చి, దారం వేలికి చుట్టుకుని, చేప ముట్టిందో వట్టి గాలో ఇట్టే పసిగట్టేవాడు. భార్య పేరు మాత్రం అప్పుడప్పుడు తడుముకునేవాడు. అప్పుడామె మాట మార్చేసేది.

వానలు ముంచెత్తిన ఏడాది అది. జలాశయం నిండుగర్భిణిలా ఉంది. ఒక పొద్దున పడవెక్కబోతూ, తాగేనీళ్ల సీసా మర్చిపోయానని ఆమె ఇంట్లోకి వెళ్లింది. తిరిగొచ్చేసరికి రేవులో తాడు మాత్రమే ఉంది. అదే సమయానికి ఆనకట్ట మీద సైరన్ మోగింది.

గేట్లు ఎత్తే ముందు మోగే సైరన్ అది. వినగానే పడవలన్నీ ఒడ్డుకి తిరుగుతాయి. ఆ రోజూ తిరిగాయి, ఒక్కటి తప్ప. సరంగు ఆనకట్ట వైపే తెడ్డు వేసుకుంటూ పోతున్నాడు. హద్దుకి గుర్తుగా కట్టిన తేలే డ్రమ్ముల వరుస దగ్గర కూడా ఆగలేదు. వాటి మధ్య సందులోంచి పడవని ఒడుపుగా దూర్చి లోపలికి వెళ్లిపోయాడు. ఆమె ఒడ్డు వెంట బురదలో పడుతూ లేస్తూ పరిగెత్తింది. అరిచింది. సైరన్ మోతలో తన గొంతు తనకే వినపడలేదు.

ఆనకట్ట మీద గేటు దగ్గర పనిలో ఉన్నది వాళ్ల అల్లుడే. పైనుంచి మామ పడవని గుర్తుపట్టి, ఎవర్నీ అడక్కుండా, లేస్తున్న గేటుని మళ్లీ దించేశాడు. లాంచీ వెళ్లి పడవకి తాడు కట్టి లాక్కొచ్చింది. ఒడ్డున దిగాక సరంగు ఎవరి మీదా కోప్పడలేదు.

"డ్యూటీకి పిలిచారుగా. వస్తున్నా" అన్నాడు.

ఆ సాయంత్రం అల్లుడు వాళ్లింటికొచ్చాడు. వెంట కూతురు కూడా వచ్చింది. అల్లుడు కుర్చీ అంచున కూర్చుని, టీ ముట్టుకోలేదు.

"అత్తయ్యా, ఇవాళ ఆఫీసర్లు నన్ను కేకలేసి వదిలేశారు. నాకేం కాదు. కానీ పైనుంచి వరద ఇంకా ఎక్కువుంటే నేను గేటు దించలేను. దించితే కట్టకే ప్రమాదం. అప్పుడు మామయ్యని చూస్తూ కూడా..." మిగతాది మింగేశాడు.

"తాడుకి తాళం వేద్దాం" అందామె.

"తాళం వేస్తే ఈదుకుంటూ పోతాడమ్మా" అంది కూతురు. "పడవ కళ్లకి కనబడుతున్నన్నాళ్లూ నాన్న ఆగడు. ఎవరికైనా ఇచ్చేద్దాం."

"ఎవరికిచ్చినా ఈ నీళ్ల మీదే తిరుగుతుంది. వెళ్లి లాక్కుంటారు" అందామె.

పడవ సంగతి తనే చూసుకుంటానని ఆమె వాళ్లని పంపేసింది.

మర్నాడు మధ్యాహ్నం, అన్నం తిని ఆయన నిద్రపోయాక, గునపమూ గొడ్డలీ తీసుకుని రేవుకి వెళ్లింది. పడవని పగలగొట్టే పని తను చేస్తానని అల్లుడు అన్నాడు గానీ ఆమె ఒప్పుకోలేదు. పరాయి చెయ్యి ఆ పడవ మీద పడటం ఆమెకి ఇష్టం లేకపోయింది. గట్టి పడవ. పలకల సందుల్లోకి గునపం దించి, ఒళ్లంతా బరువు వేస్తేగానీ ఒక్క పలక ఊడలేదు. ఊడిన ప్రతిసారీ మేకులు మూలిగాయి. ఆమెకి కన్నీళ్లు, చెమట కలిసిపోయి కళ్లు మండాయి.

తలెత్తేసరికి ఆయన గట్టు మీద నిలబడి ఉన్నాడు.

ఆమె గునపం వదిలేసి "నేనేనండీ" అంది.

ఆయన చూపులో ఆమె లేదు. పగటిపూట వచ్చి తన పడవని ముక్కలు చేస్తున్న ఎవరో ఆడది ఉంది. కిందికి దిగలేదు, కొట్టలేదు. రెండడుగులు వెనక్కి వేశాడు.

"నీకు నేనేం అపకారం చేశానమ్మా?" అన్నాడు.

ఆ రోజు నుంచి ఆమె చేతి అన్నం ముట్టలేదు. పడవ సంగతి నాలుగు రోజుల్లో మర్చిపోయాడు, ఆమె మీద భయం మాత్రం మర్చిపోలేదు. గదిలోకి వస్తే గోడ వైపు జరిగేవాడు. కూతుర్ని మాత్రం గుర్తుపట్టేవాడు. రోజూ వచ్చి ముద్దలు కలిపి పెట్టే కూతురి చెవిలో, "మీ అమ్మ ఊరినుంచి వచ్చేలోపు ఈ మనిషిని పంపించెయ్. చూస్తే భయపడుతుంది, పిరికిది" అనేవాడు. వంటింటి గడపకి ఇవతల ఆమె అది వినేది.

కూతురికి జ్వరం తగిలి రాలేకపోయిన రోజున, ఆయన పొద్దుటి నుంచీ పస్తున్నాడు. ఆమె కూతురి చీర కట్టుకుని, కొంగు తల మీదుగా కప్పుకుని, కంచంతో వెళ్లి దూరంగా కూర్చుంది.

"ఎవరూ?"

"వంటకి పెట్టుకున్నారండీ నన్ను."

ఆయన కాసేపు చూసి కంచం అందుకున్నాడు. ఆకలి మీద గబగబా తిన్నాడు. ఆమెకి ఊపిరి తిరిగింది. అలా వంటమనిషిగా తన ఇంట్లో తను కుదురుకుంది. మందులు మింగించింది, గోళ్లు తీసింది, నీళ్లు పోసింది. ఆయన మర్యాదగా "అమ్మా" అని పిలిచేవాడు.

చలికాలంలో ఒకరోజు ఆయన అన్నం దగ్గర చెయ్యి ఆపేశాడు.

"అమ్మా, ఒక మాట చెప్పు. మా ఆవిడ చచ్చిపోయింది కదూ? మీరంతా నా దగ్గర దాస్తున్నారు."

"లేదండీ. ఉంది."

"ఉంటే రాదా? ఇన్నాళ్లు నన్నొదిలి ఉండదు అది. నీళ్లల్లో పడిపోయుంటుంది. దానికి ఈత రాదు."

ఆమె కొంగు తీసేసింది. ఆయనకి దగ్గరగా జరిగి, రెండు చేతులతో మొహం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. "సరిగ్గా చూడండి" అంది. ఆయన చూశాడు. ఓపిగ్గా, చాలాసేపు చూశాడు. పాత భయం కూడా ఆ మొహంలో లేదు. ఆ పెద్దావిడ ఏం అడుగుతోందో అర్థంకాక నొచ్చుకున్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆ తర్వాత గుండెలు బాదుకుంటూ భార్య కోసం ఏడ్చాడు.

ఆమె ఆయన వీపు నిమురుతూ కూర్చుంది. "ఊరుకోండి, ఊరుకోండి" అంటూనే ఉంది.